ముందు కుర్చీ, వెనక చాప

దేవుడి ముందు ధనికుడూ పేదవాడూ సమానమేనన్న మాటను నేను ఊహ తెలిసినప్పటి నుంచీ నమ్ముతున్నాను. సండే స్కూల్లో నేర్చుకున్నాను, ప్రార్థనల్లో పలికాను, పెళ్లిళ్లలోనూ సమాధి కార్యక్రమాల్లోనూ నాలుగు మాటలు చెప్పమంటే ఆ మాటే చెప్పాను. ఇన్నేళ్లలో ఆ నమ్మకం నా చేత ఏం వదిలించింది, నా జీతంలోంచి, నా తీరికలోంచి, నా పరువులోంచి ఏం తీసుకుంది అని లెక్క చూసుకుంటే చెప్పుకోదగ్గది కనిపించడం లేదు. సమానత్వాన్ని నమ్మే మనిషి బతుకునూ నమ్మని మనిషి బతుకునూ పక్కపక్కన పెడితే ఏదో ఒక తేడా కనబడాలి కదా. నా బతుకులో ఆ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ ఇది రాస్తున్నాను.

ఆ మాట విలువ తెలియని కుటుంబం కాదు మాది. మా పెద్దలది ఒంగోలు ప్రాంతం. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ అక్కడికి వచ్చాడు. మావాళ్ల నోట ఆయన క్లౌ దొర. తొలి రోజుల్లో పెద్ద కులాల వాళ్లు కూడా ఆయన బోధ వినడానికి వచ్చేవారు, తమ పిల్లల్ని బడికి పంపేవారు. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య వంటి బోధకుల మాట విని మాదిగపల్లెల జనం బాప్తిస్మం అడిగారు. వీళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాల వాళ్లు తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయమే తగిలిందట. లోకం లెక్కచేయని వాళ్లనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే భాగం అది. ఇక తాము వెనకాడలేదని క్లౌ స్వయంగా రాసుకున్నాడు. పెద్ద కులాల వాళ్లు దూరమయ్యారు. పరపతీ పలుకుబడీ ఉన్నవాళ్లను పోగొట్టుకుని, ఏమీ లేనివాళ్లను దగ్గరికి తీసుకున్న ఆ నిర్ణయం మీద మా సంఘాలన్నీ నిలబడ్డాయి.

పదేళ్లు తిరిగేసరికి ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ అందులో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. తట్ట మోసినవాళ్లకు, పార పట్టినవాళ్లకు కూలి ముట్టజెప్పాడు. కరువు సాయం నడిచినంత కాలం మాత్రం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట ఆ పేదల మీద పడకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా ఇంట్లో క్రైస్తవం ఆ తరంలోనే మొదలైంది.

ఈ కథ నేను వేదికల మీద గర్వంగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ 2,222 అన్న అంకె దగ్గర నా గొంతు పెరిగేది. కాలువ గట్టు మీద ఇచ్చిన కూలి సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేసేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తుంటే అసలు సంగతి ఆ కూలిలోనే ఉందనిపిస్తోంది. ఆకలితో ఉన్నవాడి చేతిలో ముష్టి వేయకుండా, పని చేయించుకుని కూలి ఇచ్చారు. విశ్వాసాన్ని దానికి వెలగా అడగలేదు. మా పెద్దల్ని మనుషులుగా చూడడమంటే అదే.

తర్వాత మా కుటుంబం ఎక్కిన మెట్లు ఆంధ్రదేశంలో ఎన్నో క్రైస్తవ కుటుంబాలు ఎక్కినవే. మిషన్ బడి, మిషన్ హాస్టలు, టీచర్ ట్రైనింగు. తాత పల్లెలో పంతులు, వారాంతంలో బోధకుడు. నాన్నకు సర్కారు ఉద్యోగం. నాకు అంతకంటే పెద్ద ఉద్యోగం, పట్నంలో సొంత ఇల్లు, సంఘంలో పెద్దరికం. మా మందిరంలో ముందు రెండు వరసలూ మెత్త వేసిన కుర్చీలు. ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోటికి కాస్త ఇవతల, చాపలు. ఎక్కడ ఎవరు కూర్చోవాలని ఎవరూ రాసి పెట్టలేదు. అయినా ఎవరూ పొరపడరు. నేను కూర్చునే చోట నెత్తిన తిరిగే పంకా మూడు రెక్కల మీదా ఎర్ర రంగుతో మా నాన్న పేరు, జ్ఞాపకార్థం అన్న మాట, ఇచ్చిన నా పేరు రాసి ఉంటాయి. ఎండాకాలం ఆరాధనలో ఆ గాలి మొదట నాకే తగులుతుంది.

బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు సమాజంలోకి వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టడమో కాళ్ల దగ్గర కూర్చోమనడమో చేస్తే అది దుర్మార్గపు తీర్పని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో రాశాడు. ఆ భాగం మీద నేను ప్రసంగం కూడా చేశాను. మా దగ్గర ఎవరూ ఎవరినీ కింద కూర్చోమనరు కాబట్టి ఆ మాట మాకు వర్తించదని అనుకుంటూ వచ్చాను. నోటితో అననక్కర్లేకుండా ఏర్పాటు దానంతటదే నడిచిపోతున్నప్పుడు యాకోబు మాట ఇంకా గట్టిగా వర్తిస్తుందన్న ఆలోచన నాకు తట్టలేదు.

నన్ను ఈ లెక్కలోకి దింపింది ప్రభువు బల్ల. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు కొరింథు మొదటి పత్రిక పదకొండో అధ్యాయం చదువుతాం. ఎవరికి వారు తమను పరీక్షించుకుని తినాలని అందులో ఉంది. పాస్టరుగారు ఆ మాట చెప్పి కొంతసేపు మౌనం పాటించమంటారు. ఆ మౌనంలో నేను వెతుక్కునేది ఎప్పుడూ ఒకే రకం పాపాలు. ఎవరి మీదైనా కోప్పడ్డానా, అబద్ధమాడానా, చూడకూడనిది చూశానా, ప్రార్థన మానేశానా. దొరికినవి ఒప్పుకుని, మనసు తేలికపడి, రొట్టె ముక్క అందుకునేవాణ్ణి.

మేం చదవడం మొదలుపెట్టే వచనానికి పైన ఏముందో ఒకసారి తీరిగ్గా చదివాను. ఆ కాలంలో ప్రభువు బల్లంటే చిన్న రొట్టె ముక్కతో ముగిసేది కాదు, సంఘమంతా కలిసి చేసే భోజనం. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు తమ తిండి తాము ముందే తినేసేవారు. లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవారు. బానిసలూ కూలివాళ్లూ పని దిగి వచ్చేసరికి ఆలస్యమయ్యేదని, అప్పటికే బల్ల ఖాళీ అయ్యేదని వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఆ పత్రిక రాసిన పౌలు కోపమంతా దాని మీద. లేనివాళ్లను సిగ్గుపరిచే భోజనం ప్రభువు భోజనమే కాదన్నాడు. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అన్న హెచ్చరిక ఈ గొడవ మధ్యలో వచ్చింది. ఒకరి కోసం ఒకరు ఆగి కలిసి తినమన్నది ఆయన చెప్పిన పరిష్కారం.

అంటే ఇన్నేళ్లూ నేను పరీక్ష రాశాను గానీ అడిగిన ప్రశ్నకు కాదు. బల్ల దగ్గర నన్ను అడుగుతున్నది నా ఆంతరంగిక శుద్ధి గురించి మాత్రమే కాదు. నా తోటి విశ్వాసి ఎందుకు ఆలస్యంగా వచ్చింది, వచ్చేసరికి ఆమెకు ఏం మిగిలింది అని కూడా.

మా ఇంట్లో పనిచేసే ఆమె మా సంఘస్థురాలే. ఆదివారం ఆరాధన తొమ్మిదిన్నరకు. ఆరింటికి వేరే ఇంట్లో పని మొదలుపెట్టి, అది ముగించుకుని ఎనిమిదింటికి మా ఇంటికి వస్తుంది. ఆదివారం మాకు టిఫిను ఆలస్యం, ఊళ్లోని చుట్టాలు వస్తారు, మధ్యాహ్నానికి మాంసం కడిగి పెట్టాలి. అంట్లు తోమి, ఇల్లు తుడిచి, ఇంటికి పోయి, నీళ్లు పోసుకుని, పిల్లల తలలు దువ్వి ఆమె మందిరానికి చేరేసరికి వాక్యపఠనం కూడా అయిపోతుంది. తడి తలకు కొంగు కప్పుకుని గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంటుంది. నేను అప్పటికి ఇస్త్రీ చొక్కా నలగకుండా ముందు వరసలో స్థిరపడి ఉంటాను. ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించి ప్రకటనల సమయంలో సున్నితంగా మందలించడం సంఘ పెద్దగా నా బాధ్యతల్లో ఒకటి. కొరింథులో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నేను రెండు వేల ఏళ్లు వెనక్కి వెళ్లనక్కర్లేదు. ఆమె వెనక కూర్చోవడానికి కారణం ఆమె అణకువ కాదు, మా ఇంటి అంట్లు.

ఇది చూశాక మిగతావి వరసగా కనబడడం మొదలైంది. దశమభాగం నేను ఏనాడూ ఎగ్గొట్టలేదు. జీతం పడిన రోజే పదో వంతు తీసి కవరులో పెట్టేవాణ్ణి, ఇప్పుడు పెన్షనులోంచి అలాగే తీస్తున్నాను. ఆమె జీతం మాత్రం ఐదో తారీఖో, పదో తారీఖో. ఆమె అడిగితేనే పెంచాలి, అడిగినప్పుడు కూడా పక్కింటివాళ్లు ఎంతిస్తున్నారో కనుక్కుని పెంచాలి. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయంలో ఉంది. పొలం కోసినవాళ్లకు ఇవ్వకుండా పట్టుకున్న కూలి తానే మొరపెడుతుందనీ, ఆ కేక దేవుడి చెవిన పడుతుందనీ యాకోబు అంటాడు. దేవుడికి ఇచ్చేదానిలో నిక్కచ్చిగా ఉండి, దేవుడు ఇమ్మన్నవాళ్ల దగ్గర బేరం ఆడాను. కానుక ఇవ్వడంలో నాకు తృప్తి ఉంది, పేరుంది. కూలి ఇవ్వడంలో ఆ రెండూ లేవు, అప్పు తీర్చడమే ఉంది. అందుకే కాబోలు మొదటిదానికి చెయ్యి తేలిగ్గా లేస్తుంది.

జక్కయ్య కథ మా పిల్లలకు చెట్టెక్కిన పొట్టి మనిషి కథగా చెబుతాం. యేసు తన ఇంటికి వచ్చిన రోజున అతను రెండు వేర్వేరు మాటలన్నాడు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలుగా తిరిగి ఇస్తానన్నాడు. మొదటిది ఇవ్వడం, రెండోది తిరిగి ఇవ్వడం. నాలాంటివాళ్లం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాం. క్రిస్మస్‌కు చీరలు పంచుతాం, దుప్పట్లు పంచుతాం, ఫొటో దిగుతాం. ఎవరి దగ్గర ఎంత తగ్గించి ఇచ్చామో, ఎవరి సమయాన్ని ఊరికే వాడుకున్నామో ఆ లెక్క తీయం. దానం చేసినప్పుడు నేను పైనే ఉంటాను, తీసుకునేవాళ్లు కిందే ఉంటారు. బాకీ తీర్చినప్పుడు ఇద్దరం ఒకే మట్టానికి వస్తాం. నేను దానాన్ని ఎందుకు అంతగా ఇష్టపడ్డానో ఇప్పుడు అర్థమవుతోంది.

కోత పండుగ కూడా ఇలాగే మారిపోయింది. పల్లెలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ అది. గుమ్మడికాయ, కోడిపెట్ట, సోలెడు కందులు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. కూలి చేసుకునే ఒకామె తెచ్చిన గుమ్మడికాయను నాలాంటివాడు పదింతలు పాడి గెలుచుకుంటాడు. చప్పట్లు పాడినవాడికి. గుమ్మడికాయ ఎవరు తెచ్చారో మైకులో ఎవరూ చెప్పరు.

ఇంత చూశాక కూడా నా లోపల ఒక గొంతు ఊరుకోలేదు. మేమూ పేదవాళ్లమే కదా, కష్టపడి పైకొచ్చాం, వీళ్లు ఎందుకు రాలేకపోయారు అంటుంది ఆ గొంతు. మందిరంలో సాక్ష్యాలు కూడా అలాగే ఉంటున్నాయి. అబ్బాయికి వీసా వచ్చింది, అపార్ట్‌మెంట్ కొన్నాం, కారు కొన్నాం, దేవునికి స్తోత్రం. స్తోత్రం చెప్పడంలో తప్పు లేదు. వెనక చాప మీద కూర్చున్న మనిషికి వినబడేది వేరు: ఇవేవీ నాకు రాలేదంటే నా విశ్వాసంలోనే లోటుందేమో అని.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట కూలివాళ్ల కథ ఈ గొంతుకు జవాబు. యజమాని పొద్దున్నే కొందరిని, ఎండెక్కాక కొందరిని, పొద్దుగుంకే ముందు ఇంకొందరిని పనికి పిలిచాడు. సాయంత్రం అందరికీ ఒక్కటే కూలి, ఒక దేనారం. పొద్దుటినుంచీ పనిచేసినవాళ్లు సణిగారు. వాళ్లకు తక్కువేమీ ఇవ్వలేదు, మాట్లాడుకున్నదే ఇచ్చాడు. వాళ్ల బాధల్లా చివర వచ్చినవాళ్లను తమతో సమానం చేశాడని. సమానత్వం గురించి నేను చదివిన ఫిర్యాదుల్లో ఇంత నిజాయితీగా ఉన్నది మరొకటి లేదు, ఎందుకంటే అది నా ఫిర్యాదే. ఆ సాయంత్రపు కూలివాళ్లను ఇంతసేపూ ఎందుకు ఊరికే నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదన్నారు. మా ఊరి సెంటర్లో పొద్దున్నే లేబర్ అడ్డా మీద టిఫిన్ క్యారేజీలు పట్టుకుని నిలబడి, పదయ్యాక కూడా అక్కడే ఉన్నవాళ్ల జవాబూ అదే. మా తాతను పొద్దున్నే పిలిచారు. ఆయన పల్లెకు దగ్గర్లో మిషన్ బడి ఉంది, హాస్టల్లో చోటు దొరికింది. కష్టపడ్డాడు, నిజమే. ఆ పక్క పల్లెలో అంతే కష్టపడినవాడి మనవరాలు ఇవాళ మా ఇంట్లో అంట్లు తోముతోంది. ఆ తేడాను నా విశ్వాసానికి వచ్చిన బహుమానంగా లెక్కేసుకోవడం ఆ తోటలో పొద్దుటి కూలివాడి సణుగుడే.

ఇంకో సంగతిలో కూడా నేను పేదవాళ్లను తక్కువ చేశాను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు అది లేదు, మన దగ్గర వాళ్లను బీసీ-సీలో పెట్టారు, అక్కడ ఉన్నది ఒక్క శాతం రిజర్వేషను. అందుకే ఎన్నో కుటుంబాల్లో మందిరంలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు. బాప్తిస్మం తీసుకుని కాగితాల్లో ఒప్పుకోని ఇలాంటివాళ్లను నేను ధైర్యం లేనివాళ్లుగా చూశాను. నాన్న ఉద్యోగంతోనే మా కుటుంబం కుదుటపడింది, నాకు ఎస్సీ సర్టిఫికెట్టుతో పని పడలేదు. ఒక్క పేరుతో బతకగలగడం నా విశ్వాసపు గొప్పతనం అనుకున్నాను. అది నాకున్న సదుపాయం. పిల్ల ఫీజు, పిల్లవాడి హాస్టలు సీటు ఒక కాగితం మీద వేలాడుతున్న తల్లి ముందు పెట్టిన పరీక్ష నా ముందు ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు.

పేదలు ఎప్పుడూ ఉంటారని యేసే అన్నాడు కదా అని నాతో వాదించినవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు ఆ మాట చాటున తలదాచుకున్నాను. ఆ మాట మూలం ద్వితీయోపదేశకాండం పదిహేనో అధ్యాయంలో ఉంది. అక్కడ పేదలు ఉంటారన్న మాట వెంటనే, కాబట్టి చెయ్యి చాపి తీరాలన్న ఆజ్ఞ ఉంది. ఆ అధ్యాయమంతా అప్పులు రద్దు చేయడం గురించి, బానిసను వట్టి చేతులతో పంపవద్దనడం గురించి. బాధ్యత నుంచి తప్పుకోవడానికి అందులో సందు లేదు.

మా ఆవిడా నేనూ కూర్చుని మాట్లాడుకుని, ఆదివారాలు పనికి రావద్దని, జీతం తగ్గదని మా ఇంట్లో పనిచేసే ఆమెకు చెప్పాం. సంతోషిస్తుందని అనుకున్నాం. ఆమె ముఖం పాలిపోయింది. “నా బదులు ఇంకెవర్నన్నా పెట్టుకున్నారా అమ్మగారూ?” అని అడిగింది. ఇన్నేళ్లు ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్న మనుషుల మధ్య ఉన్న నమ్మకం అంతే. ఒక సెలవు దొరికితే దాని వెనక వేటు ఉందేమోనని భయపడాల్సిన స్థితిలో ఆమె ఉంది. ఆ స్థితి నా మంచితనంతో మారదు. సెలవు తన హక్కని ఆమెకు తెలిసినప్పుడే మారుతుంది. అందుకే జీతం ఒకటో తారీఖున, దశమభాగం కంటే ముందు ఇవ్వాలని, ఏటా ఏ నెలలో ఎంత పెంచాలో ముందే మాట్లాడుకోవాలని ఆమెతోనే కూర్చుని నిర్ణయించుకున్నాం.

సంఘ కమిటీలో కూడా అడుగుతున్నాను. క్రైస్తవుల ఇళ్లలో పనిచేసే ప్రతి ఒక్కరికీ జీతంతో ఆదివారం సెలవు ఇద్దామని, ఆరాధన వేళ పని చేసుకునేవాళ్లకు కుదిరేట్టు మారుద్దామని, కోత పండుగలో తెచ్చినవాళ్ల పేర్లు చదువుదామని, కుర్చీల వరసలు తీసేద్దామని. కొందరు ఒప్పుకున్నారు, కొందరు తర్వాత చూద్దామన్నారు. కుర్చీ వదిలేసి చాప మీద కూర్చోవడం అన్నింటికంటే తేలిక అని నాకు తెలుసు. వినయంగా కనిపించి, పేరు కూడా వస్తుంది. నా పంకా కింద ఇంకొకరు కూర్చున్నంత మాత్రాన ఆమె జీతం పెరగదు.

మన తాతముత్తాతలకు కాలువ గట్టు మీద మొదట దక్కింది కూలి, ఆ తర్వాతే బాప్తిస్మం. మనకు దేవుడి పేరుతో వచ్చిన గౌరవం ఆ వరసలోనే వచ్చింది. ఆ వరసను మనం తలకిందులు చేశాం. తోటి విశ్వాసికి ప్రార్థన ముందిస్తున్నాం, కూలి బేరమాడుతున్నాం. నా తరం క్రైస్తవులకు నేను చెప్పగలిగింది ఇంతే. వచ్చే మొదటి ఆదివారం పాస్టరుగారు పరీక్షించుకోమన్నప్పుడు మన కోపతాపాలతో పాటు మన ఇళ్లలో, మన పొలాల్లో, మన ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలచుకుందాం. వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చామా, వాళ్ల కోసం ఆగామా అని అడుగుదాం. లేదన్న జవాబు వస్తే, బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి వెళ్లి ముందు సోదరుడితో సమాధానపడి రమ్మన్న ప్రభువు మాట మనకోసమేనని ఒప్పుకుని లేచి వెళ్దాం.